కారులో ఉన్నది మరో ఫోను కాదు

కొత్త కార్ల ధరల మీద చర్చ మొదలైతే చాలు, ఒక సందేశం వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: నెట్‌కు తానే కలిసే ‘కనెక్టెడ్ కారు’ అని కంపెనీలు అమ్ముతున్నది ఒక సిమ్, నెట్‌వర్క్‌తో మాట్లాడే, ఫోనులో ఉండే ఒక మోడెమ్ చిప్, అంతే. పైకప్పు వెనుక భాగంలో సొరచేప రెక్కలా కనిపించే షార్క్ ఫిన్ అలంకారం. కారులో కూర్చున్నవాడి ఫోనుకు సిగ్నల్ అందుతున్నప్పుడు కారుకు వేరే యాంటెన్నా ఎందుకు? ఆపదలో కాల్ చేయడానికి ఫోను ఉండనే ఉంది. ఫోను ఇప్పటికే చేస్తున్న పనికి మళ్లీ వేల రూపాయలు గుంజుతున్నారు.

ఇందులో ఒక్క మాట నిజం. ఫోన్లకూ కార్లకూ మోడెములు తయారుచేసే సంస్థలు చాలావరకు ఒకటే, రెండింటికీ మూలమైన రేడియో విద్య కూడా ఒకటే. ఆ ఒక్క నిజం చుట్టూ అల్లినదంతా తప్పు. వాహనాల రేడియో హార్డ్‌వేర్ పనిలో ఉన్న నాకు దీన్ని చూసీ చూడనట్టు వదిలేయడం సాధ్యం కావడం లేదు. స్కూలు బస్సుకో టాక్సీకో ‘ఏదో ఒక ట్రాకర్’ బిగిస్తే చాలనే నిర్లక్ష్యం ఈ నమ్మకం నుంచే పుడుతోంది.

మొదట, కారు లోపల ఫోను పనిచేస్తోంది కదా అనే మాట. పనిచేస్తుంది. ఎంత నష్టపోయి పనిచేస్తుందన్నదే ప్రశ్న. మొబైల్ ప్రమాణాలను రూపొందించే 3జీపీపీ తన లెక్కల్లో కారు లోపలికి వచ్చేసరికి సిగ్నల్ సగటున 9 డెసిబెల్స్ తగ్గుతుందని తీసుకుంటుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ శక్తి సగమవుతుంది కాబట్టి బయట ఉన్నదానిలో ఎనిమిదో వంతే లోపల మిగులుతుంది. ఎండ వేడిని ఆపడానికి అద్దాలకు లోహపు పూత ఉంటే ఆ నష్టం 20 డెసిబెల్స్, అంటే వందో వంతు మిగులుతుంది. నగరంలో టవర్ దగ్గరగా ఉన్నంతసేపు ఈ తేడా ఎవరికీ తెలియదు. శ్రీశైలం వెళ్లే నల్లమల ఘాట్ రోడ్డు మీద, సిగ్నల్ ఉందా లేదా అన్న అంచున, ఆ ఎనిమిదో వంతే కాల్ వెళ్లడానికీ వెళ్లకపోవడానికీ తేడా అవుతుంది. అద్దం పూత ప్రభావం మీద అనుమానం ఉన్నవారు ఫాస్టాగ్‌ను చూడవచ్చు. అది 865-867 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. లోహపు పూత ఉన్న ముందు అద్దాల్లో వెనుక చూపు అద్దం దగ్గర పూత లేని చిన్న చోటును వదులుతారు, ట్యాగ్‌ను అక్కడే అతికించాలి. వేరేచోట అతికిస్తే టోల్ గేటు దగ్గర రీడర్‌కు అది కనబడకపోవచ్చు.

ఇక షార్క్ ఫిన్ అలంకారమనే మాట. దుకాణాల్లో దొరికే అతికింపు ఫిన్లు ఉత్త ప్లాస్టిక్ డొల్లలే కాబట్టి జనం కంపెనీ ఫిన్‌ను కూడా అలాగే అనుకుంటున్నారు. అసలైన ఫిన్ విప్పి చూస్తే లోపల చోటు కోసం జరిగిన యుద్ధం కనిపిస్తుంది. యాంటెన్నా పరిమాణం తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. నిలువు కడ్డీలాంటి యాంటెన్నా తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఎత్తుంటే బాగా పనిచేస్తుంది. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎం రేడియోకు ఆ లెక్కన 75 సెంటీమీటర్లు కావాలి. పాత కార్లకు పొడవాటి కడ్డీ అందుకే ఉండేది. జానెడు పొడవు కూడా లేని ఫిన్‌లో అది పట్టదు కనుక ఎఫ్‌ఎం భాగాన్ని చుట్టగా చుట్టి, దానికి ఆనించి సిగ్నల్‌ను పెంచే ఒక యాంప్లిఫయర్ పెడతారు. లేదా వెనుక అద్దం మీద మంచును కరిగించే సన్నని తీగల పక్కనే ఎఫ్‌ఎం యాంటెన్నాను గీస్తారు. 700 మెగాహెర్ట్జ్ మొబైల్ బ్యాండుకు నాలుగో వంతు సుమారు 11 సెంటీమీటర్లు. అదీ ఫిన్ ఎత్తుకు మించినదే, వంచి మడిచి సర్దాలి. వాహనాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునే 5.9 గిగాహెర్ట్జ్‌కు మాత్రం సెంటీమీటరుంబావు చాలు.

యాంటెన్నా అంటే ఫిన్ ఒక్కటే కాదన్నది ఈ సందేశం రాసినవారికి తెలియని సంగతి. దాని కింది లోహపు పైకప్పు కూడా యాంటెన్నాలో భాగమే. నిలువు యాంటెన్నాకు మిగతా సగంలా పనిచేసి, సిగ్నల్‌ను అన్ని దిక్కులకూ సమంగా పంచేది ఆ రేకే. అదే ఫిన్‌ను పెద్ద అద్దపు సన్‌రూఫ్ ఉన్న మోడల్‌కు బిగిస్తే ముందు దిక్కుకు సిగ్నల్ పడిపోతుంది. కంపెనీలు కారు మొత్తాన్ని యానెకోయిక్ చాంబర్‌లో (గోడలు రేడియో తరంగాలను తిప్పికొట్టకుండా పీల్చేసుకునే గదిలో) తిరుగుడు బల్ల మీద పెట్టి, ఒక్కో కోణంలో ఒక్కో బ్యాండులో కొలవడానికి కారణం ఇదే. విడిగా బల్ల మీద అద్భుతంగా కొలిచిన యాంటెన్నా కారు మీదికి ఎక్కాక నిరాశపరచడం ఈ రంగంలో అందరికీ తెలిసిన కష్టం.

అసలు చిక్కు పొరుగువాళ్లతో. జీపీఎస్ ఉపగ్రహం నుంచి నేలకు చేరే సిగ్నల్ దాదాపు వాట్‌లో పది వేల లక్షల కోట్లవ వంతు. దానికి కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే మొబైల్ మోడెమ్ 200 మిల్లీవాట్ల దాకా ప్రసారం చేస్తుంది. రెండింటి మధ్య తేడా రెండు వేల లక్షల కోట్ల రెట్లు. భోరున మోగే లౌడ్‌స్పీకర్ పక్కన నిలబడి ఎవరో గుసగుసలాడితే వినడం లాంటి పని ఇది. అమెరికాలో ఒక ఎల్‌టీఈ (4జీ) బ్యాండులో ఫోను 777-787 మెగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తుంది. దానికి రెట్టింపు 1554-1574. జీపీఎస్ 1575.42 దగ్గర ఉంటుంది. ప్రసారంలో పుట్టే ఆ రెండో హార్మోనిక్, అంటే రెట్టింపు పౌనఃపున్యంలోని అవాంఛిత ప్రతిధ్వని, జీపీఎస్ గుమ్మం ముందే వచ్చి పడుతుంది. ఫిల్టర్లు, యాంటెన్నాల మధ్య దూరం, సర్క్యూట్ బోర్డు మీద గ్రౌండ్ రేకు పొరను గీసే తీరు, ఇవన్నీ కలిసివస్తే తప్ప అక్కడ స్థానం సరిగా దొరకదు. దీనికి తోడు 4జీ, 5జీ మోడెములు రెండు లేక నాలుగు యాంటెన్నాలతో ఒకేసారి వింటాయి. అవి మరీ దగ్గరగా ఉంటే అన్నీ ఒకే సిగ్నల్‌ను వింటాయి, ఆ ఏర్పాటు వల్ల వచ్చే లాభం పోతుంది. 700 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 43 సెంటీమీటర్లు కాబట్టి జానెడు ఫిన్‌లో వాటికి సరిపడా ఎడం దొరకదు. అందుకే రెండో యాంటెన్నా బంపర్‌లోకో సైడ్ మిర్రర్‌లోకో డ్యాష్‌బోర్డు కిందికో వెళుతుంది.

మన దేశానికే చెందిన ఉదాహరణ కూడా ఉంది. జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్ ఉపగ్రహాల తొలి తరం ఎల్5, ఎస్ బ్యాండుల్లోనే ప్రసారం చేసేది. ఎల్5 అంటే 1176.45 మెగాహెర్ట్జ్. జీపీఎస్ కోసం 1575 దగ్గర శ్రుతి చేసిన పింగాణీ ప్యాచ్ యాంటెన్నాకు (బిళ్లలాంటి చదును యాంటెన్నాకు) అది వినిపించదు. పెట్టె మీద ‘నావిక్ సపోర్ట్’ అని రాసి, లోపల ఒకే బ్యాండు ప్యాచ్ పెడితే చిప్‌కు నావిక్ తెలిసీ ఉపయోగం లేదు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 బ్యాండు ప్రసారం కూడా మొదలైంది. ఫోన్లలో, వాచీల్లో, చవక పరికరాల్లో నావిక్ వాడకాన్ని సులభం చేయడమే దాని ఉద్దేశం. ఉపగ్రహమే యాంటెన్నా దగ్గరికి దిగివచ్చిందంటే యాంటెన్నా ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? బిగింపులో జరిగే తప్పు ఇంకొకటి: ప్యాచ్ ముఖం ఆకాశం వైపు ఉండాలి. దాన్ని డ్యాష్‌బోర్డు రేకు వెనుక తలకిందులుగా దూర్చేసి, ‘లొకేషన్ తప్పు చూపిస్తోంది’ అని పరికరాన్ని తిట్టడం న్యాయం కాదు.

‘చిప్ ఒకటే అయితే ఖర్చు ఎక్కడిది’ అనే ప్రశ్నకు జవాబు కేబుల్ నుంచే మొదలవుతుంది. పైకప్పు నుంచి డ్యాష్‌బోర్డు కింది మోడెమ్ దాకా కిటికీ పక్కనుండే కారు స్తంభం లోంచి కేబుల్ దిగాలంటే మూడు మీటర్లయినా పడుతుంది. కార్లలో వాడే సన్నని కోయాక్సియల్ కేబుల్ 5.9 గిగాహెర్ట్జ్‌లో మీటరుకు 3 డెసిబెల్స్‌కు పైగా మింగేస్తుంది. మూడు మీటర్లకు పదో వంతు మిగులుతుంది. అంటే యాంటెన్నాను పైకప్పు మీద పెట్టి సంపాదించినదంతా కేబుల్‌లోనే పోతుంది. సరే, మోడెమ్‌నే పైకి తీసుకెళ్లి ఫిన్ కింద పెడదామంటే అక్కడ ఎండ కాచుకుని ఉంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం ఆరుబయట నిలిపిన కారు పైకప్పు మీద చెయ్యి పెట్టలేం. ఆపిల్ తన ఫోనును 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమంటుంది. కారు చిప్‌లకు వర్తించే ఏఈసీ-క్యూ100 ప్రమాణంలో అన్నిటికన్నా తేలిక శ్రేణి మైనస్ 40 నుంచి 85 డిగ్రీలు. దాని పై శ్రేణులు 105, 125, 150 దాకా వెళతాయి. ఎండలో ఫోను తెర ఆరిపోతే మనం దాన్ని నీడలో పెట్టుకుంటాం. కారు మోడెమ్‌ను నీడకు తీసుకెళ్లేవారు ఎవరూ ఉండరు.

కరెంటు సంగతి క్లుప్తంగా. 12 వోల్టుల కారులో ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) ఛార్జ్ చేస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే వచ్చే పోటును అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 16750-2లోని పరీక్ష 79 నుంచి 101 వోల్టులుగా తీసుకుంటుంది. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు అదే 12 వోల్టులు 6కూ అంతకన్నా కిందికీ పడిపోతాయి. 24 వోల్టుల లారీలు, బస్సుల్లో ఆ పోటు ఇంకా పెద్దది. ఇంట్లో గోడకు పెట్టే ఫోను చార్జర్ ఇవేవీ చూడదు. నిలిపి ఉంచిన కారులో మోడెమ్ రోజుల తరబడి మేలుకొని ఉన్నా బ్యాటరీ ఖాళీ కాకూడదు, ఇది మరో లెక్క.

ఇక అన్నిటికన్నా నాకు బాధ కలిగించే మాట, ఆపదలో ఫోను ఉంది కదా అన్నది. ఫోనుతో 112కు కాల్ చేయవచ్చు. కొన్ని కొత్త ఫోన్లు ప్రమాదాన్ని గుర్తించగలవు కూడా. కానీ గుద్దుకున్న క్షణంలో ఆ ఫోను ఎక్కడ ఉంటుంది? హోల్డర్ నుంచి ఎగిరి సీటు కిందో, పగిలిన అద్దం లోంచి రోడ్డు మీదో ఉండవచ్చు. డ్రైవర్‌కు స్పృహ లేకపోవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త రకం కార్లకు తప్పనిసరి చేసిన ఈకాల్ ఈ పరిస్థితి కోసమే పుట్టింది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల నుంచి సంకేతం రాగానే కారే 112కు కాల్ చేసి స్థానం, ప్రయాణ దిశ, సమయం, వాహన గుర్తింపు సంఖ్య పంపుతుంది. ఆ సమాచారం మొత్తం 140 బైట్లే. మొదటి తరం ఈకాల్ దాన్ని మాటలు వెళ్లే దారిలోనే శబ్దాలుగా మార్చి పంపుతుంది. ఈ చిన్న కబురు చేరడానికి హార్డ్‌వేర్ ఎంత ఆలోచించాలో చూడండి. కారు బోల్తా పడితే పైకప్పు మీది ఫిన్ నలిగిపోతుంది. అందుకే లోపల ఇంకో యాంటెన్నా పెట్టి, మొదటిది తెగిపోయిందని మోడెమ్ తానే గుర్తించి దానికి మారేలా చేస్తారు. కారు బ్యాటరీ తెగిపోవచ్చు కాబట్టి మోడెమ్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది. మన దేశంలో 2019 జనవరి 1 నుంచి కొత్త బస్సులు, టాక్సీల వంటి ప్రయాణికుల వాహనాలకు వర్తించిన ఏఐఎస్-140 ప్రమాణం కూడా ట్రాకర్‌తో పాటు ఎమర్జెన్సీ బటన్లనూ, కరెంటు పోయినా కనీసం 4 గంటలు పనిచేసే లోపలి బ్యాటరీనీ కోరుతుంది. రాత్రిపూట ఒంటరిగా టాక్సీ ఎక్కే అమ్మాయికి ఆ బటన్ అలంకారం కాదు.

ఫోను మూడు నాలుగేళ్లకు మారుతుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో అమెరికా రెండుసార్లు చూసింది. జనరల్ మోటార్స్ 1996లో మొదలుపెట్టిన ఆన్‌స్టార్ (కారు నుంచే సహాయం అడిగే సేవ) తొలి కార్లు అనలాగ్ నెట్‌వర్క్ మీద నడిచాయి. 2008లో ఆ నెట్‌వర్క్ ఆగగానే, అనలాగ్ మోడెమ్ మాత్రమే ఉన్న కార్లకు సేవ పోయింది. 2022లో 3జీ ఆగినప్పుడు పలు కంపెనీల కార్లకు మళ్లీ అదే గతి పట్టింది. ఏ రేడియో తరంగాలు ఎవరికి అన్న స్పెక్ట్రమ్ నిబంధనలు కూడా మధ్యలో మారతాయి. అమెరికాలో 1999లో వాహనాల కోసం 5.9 గిగాహెర్ట్జ్‌లో 75 మెగాహెర్ట్జ్ కేటాయించారు. 2020లో అందులో 45 వెనక్కి తీసుకుని వైఫై వంటి వాడకాలకు ఇచ్చి, మిగిలిన 30ని వేరే సాంకేతికతకు మార్చాలని నిర్ణయించారు. పాత పద్ధతికి చేసిన మోడెములు దారి తప్పాయి. ఇక్కడ జియో 2016లో నేరుగా 4జీతోనే వచ్చింది కాబట్టి 2జీ మోడెమ్ మాత్రమే ఉన్న ట్రాకర్‌కు ఆ నెట్‌వర్క్ లేనట్టే.

ఫోను హ్యాక్ అయితే ఫొటోలు పోతాయి, డబ్బులు పోతాయి. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు హైవే మీద వెళుతున్న జీప్ చెరోకీని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి అదుపులోకి తీసుకుని చూపించారు. ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలను రీకాల్ చేయవలసి వచ్చింది. మోడెమ్‌కూ బ్రేకులకూ మధ్య గోడ కట్టడం ఇప్పుడు డిజైన్‌లో భాగం. దానికి వేరే చిప్‌లు, వేరే పరీక్షలు, వేరే ఖర్చు.

ధర మీద మీ కోపం అబద్ధమని నేను అనడం లేదు. నెలవారీ చందాలు, ఒక సౌకర్యం కావాలంటే ఖరీదైన వేరియంట్ మొత్తం కొనాల్సి రావడం, వీటి మీద ప్రశ్నించాల్సిందే. కానీ ప్రశ్న సరైన చోట పడాలి. కారు కొనేటప్పుడు షోరూమ్‌లో ఇవి అడగండి: ఈ మోడెమ్ ఏయే నెట్‌వర్క్ తరాల మీద పనిచేస్తుంది, 2జీ ఆగిపోయినా అత్యవసర కాల్ వెళుతుందా, ఉచిత సేవ ఎన్నేళ్లు, ఆ తర్వాత మోడెమ్ మార్చాల్సి వస్తే ఖర్చు ఎవరిది, బోల్తా పడినప్పుడు పనిచేసే రెండో యాంటెన్నా ఉందా. జవాబులు కాగితం మీద రాసి ఇమ్మనండి.