రేకు విలువ తూకంలో లేదు

నెల్లూరు సీమలోని సైదాపురం ప్రాంతంలో తెల్లరాయి (క్వార్ట్జ్) తవ్వి లారీలకెత్తి ఓడరేవులకు పంపుతున్నాం. ఒకప్పుడు అదే నేల నుంచి అభ్రకాన్ని (మైకాను) పంపాం. ఇక్కడి నుంచి రాయిగా వెళ్లింది ఎక్కడో సిలికాన్‌గా, సోలార్ పలకగా మారి ఎన్నో రెట్ల ధరకు మళ్లీ మన వాకిట్లోకే వస్తోంది. ఇప్పుడు గ్రాఫీన్, కార్బన్ నానోట్యూబుల మాట దేశమంతా వినిపిస్తోంది. పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్ నుంచి విడదీసిన ఒకే ఒక్క పరమాణువు మందం పొర గ్రాఫీన్, ఆ పొరను గొట్టంలా చుట్టితే నానోట్యూబ్. కేరళలోని కొచ్చిలో గ్రాఫీన్ కోసమే ఒక ఆవిష్కరణ కేంద్రం వెలిసింది. మన రాష్ట్రంలోనూ ఈ పేరు చెప్పి ఫ్యాక్టరీకి భూమి అడిగేవారు రేపో మాపో వస్తారు. ఆలోపే నెల్లూరు, ప్రకాశం జిల్లాలు తమకేం కావాలో తేల్చుకోవాలి. భూములు, రాయితీలు, శంకుస్థాపనల కంటే ముందు పదార్థాన్ని కొలిచే ప్రయోగశాల అడగాలన్నది మా అభిప్రాయం. గ్రాఫీన్ విలువంతా దానిలో ఎలక్ట్రాన్లు నడిచే తీరులో ఉంది. ఆ తీరును కొలవలేని చోట అది వట్టి నల్లపొడి.

ఎలక్ట్రానిక్స్ ఈ నేలకు కొత్తేమీ కాదు. రేడియోలు వాల్వులతో నడిచిన రోజుల్లో ఆ గాజు బుడ్డి లోపలి తీగలూ పలకలూ ఒకదానికొకటి తగలకుండా పట్టి ఉంచినవి పల్చని అభ్రకం బిళ్లలే. కెపాసిటర్లలో లోహపు పొరల మధ్య పరిచిందీ అభ్రకమే. రేకుల అభ్రకాన్ని ప్రపంచానికి అందించడంలో మన దేశానిది పెద్ద చెయ్యి. దేశంలో చెప్పుకోదగ్గ పట్టీల్లో ఒకటి గూడూరు, సైదాపురం, కలిచేడు, రాపూరు పరిధిది. దిమ్మెను కత్తి మొనతో రేకులు రేకులుగా విడదీసే ఆడవాళ్ల చేతి నేర్పు మీద ఆ వ్యాపారం నిలబడింది. రేకు ఎంత పల్చగా, ఎంత మచ్చ లేకుండా వస్తే అంత ధర. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. వాల్వు క్రమంగా తెరమరుగైంది, విద్యుత్తును పారనివ్వని కృత్రిమ పదార్థాలు వచ్చాయి, అభ్రకానికి గిరాకీ తగ్గింది. పని పోయిన ఊళ్లకు ఆ నేర్పుతో ఇంకేం చేయవచ్చో చెప్పినవారు లేరు. చేతి పని ఉంది గానీ, దాని వెనక ఉన్న శాస్త్రం మన జిల్లాలో ఎవరికీ నేర్పలేదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు.

అదే 1947లో పి.ఆర్. వాలెస్ అనే భౌతిక శాస్త్రవేత్త గ్రాఫైట్‌లోని ఒక్క పొరను విడిగా ఊహించి, అందులో ఎలక్ట్రాన్లు ఎలా కదలాలో లెక్కగట్టి ప్రచురించారు. అణు రియాక్టర్ల పుణ్యమా అని గ్రాఫైట్ మీద ఆసక్తి పెరిగిన కాలమది. అంతకుముందే మన దేశంలో ఈ దారిలో ఒక అడుగు పడింది. 1928లో రామన్‌తో కలిసి కాంతి పరిక్షేపణలో రామన్ ప్రభావాన్ని కనుగొన్న కె.ఎస్. కృష్ణన్, 1939లో కలకత్తాలో గంగూలీతో కలిసి గ్రాఫైట్ స్ఫటికంలో విద్యుత్తు ఎలా పారుతుందో కొలిచారు. పొర వెంబడి పారినంత సులువుగా పొరకు అడ్డంగా పారదని, ఆ తేడా వేల రెట్లు ఉంటుందని చూపించారు. అంటే గ్రాఫైట్‌లో పొరలు దాదాపు వేటికవే బతుకుతున్నాయి. ఆ ఒక్క పొరనే బయటికి లాగడానికి 2004 దాకా పట్టింది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ మామూలు అంటుడు టేపుతో గ్రాఫైట్‌ను పదే పదే ఒలిచి, పరమాణువు మందమున్న రేకును పట్టుకున్నారు. 2010లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ రేకులో ఏముందో కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. కర్బన పరమాణువుకు బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లుంటాయి. గ్రాఫీన్‌లో ఒక్కో పరమాణువు మూడింటితో చుట్టూ ఉన్న మూడు పరమాణువులను గట్టిగా పట్టుకుంటుంది. అలా షట్కోణాల వల ఏర్పడుతుంది. పరమాణువుకూ పరమాణువుకూ మధ్య దూరం 0.142 నానోమీటర్లు. నాలుగో ఎలక్ట్రాన్ ఏ ఒక్క జంటకూ కట్టుబడకుండా వలంతా తిరుగుతుంది. గ్రాఫీన్‌లో విద్యుత్తు వ్యవహారమంతా దీనిదే. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ శక్తి దాని ద్రవ్యవేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, బరువున్న కణాలు నడిచే పద్ధతి అది. గ్రాఫీన్‌లో మాత్రం శక్తి ద్రవ్యవేగంతో పాటు సూటి గీతలా పెరుగుతుంది. కాంతి నడిచే లెక్క ఇది. అందుకే ఇక్కడి ఎలక్ట్రాన్లు ద్రవ్యరాశి లేనట్టుగా, సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్ల వేగంతో పోతాయి. కాంతి వేగంలో అది 300వ వంతు. ఐన్‌స్టైన్ సాపేక్షతకూ క్వాంటం సిద్ధాంతానికీ ముడివేసి 1928లో డిరాక్ రాసిన సమీకరణం పెద్ద పెద్ద కణ త్వరణ యంత్రాలకే పరిమితమనుకున్న వాళ్లకు, పెన్సిల్ ములుకులోంచి వచ్చిన రేకులో అదే సమీకరణం కనిపించింది. భౌతిక శాస్త్రం చదివే ప్రతి పిల్లవాడికీ చెప్పి తీరాల్సిన సంగతి ఇది. కావలిలోనో ఒంగోలులోనో ఎమ్మెస్సీ చదివే విద్యార్థి దీన్ని పుస్తకంలో చదివి ఊరుకోవలసి రావడమే మా బాధ.

ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే కొలత ఒకటుంది, దాన్ని చలనశీలత అంటారు. సిలికాన్‌కు అది మామూలు ఉష్ణోగ్రతలో వోల్టు-సెకనుకు సుమారు 1,400 చదరపు సెంటీమీటర్లు. చల్లబరిచి, కింద ఏ ఆధారమూ లేకుండా వేలాడదీసిన గ్రాఫీన్‌లో 2 లక్షలు దాటింది. కింద ఉన్న గాజు పలక గరుకుదైతే, దానిలో చిక్కుకున్న ఆవేశాలుంటే ఆ సంఖ్య దారుణంగా పడిపోతుంది. దేని మీద పరిచామన్నది కూడా అంత ముఖ్యం. 2009లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అప్పుడే చీల్చిన అభ్రకం మీద గ్రాఫీన్‌ను పరిచి చూశారు. ఎత్తుపల్లాలు 25 పికోమీటర్లకు లోపే ఉన్నాయి. పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు. అంత చదునైన నేల కోసం వాళ్లు వెతుక్కున్నది, మన ఆడవాళ్లు గంపల కొద్దీ చీల్చిన జాతి రేకునే.

ఇంత గొప్ప పదార్థమైతే కంప్యూటర్ చిప్పుల్లో సిలికాన్‌ను ఎందుకు తోసెయ్యలేదన్న ప్రశ్న న్యాయమైనదే. ట్రాన్సిస్టర్ పని కాలువ తూములాంటిది. తలుపు ఎత్తితే నీళ్లు పారాలి, దించితే చుక్క కారకూడదు. సిలికాన్‌లో ఆ తలుపు పని చేసేది శక్తి అంతరం, అంటే ఎలక్ట్రాన్లతో నిండిన శక్తి పట్టీకీ దాని పైనున్న ఖాళీ పట్టీకీ మధ్య ఎడం. అది 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు. గ్రాఫీన్‌లో నిండిన శక్తి పట్టీ, ఖాళీ పట్టీ ఒకదాన్నొకటి తాకుతాయి. అంతరం సున్నా. ఎదురుగా అడ్డం పెట్టినా దానికి సూటిగా ఎదురొచ్చే ఎలక్ట్రాన్ దాన్ని దాటుకుని పోతుంది. అందుచేత గ్రాఫీన్‌లో ప్రవాహాన్ని పూర్తిగా ఆపడం కుదరదు. రేకును సన్నని పట్టీలుగా కోస్తే, లేదా రెండు పొరలకు విద్యుత్ క్షేత్రం పెడితే కొంత అంతరం పుడుతుంది. 2024 జనవరిలో అమెరికాలోని జార్జియా టెక్, చైనాలోని తియాన్‌జిన్ పరిశోధకులు సిలికాన్ కార్బైడ్ మీద పెంచిన పొరలో 0.6 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరం సాధించారు. మంచి అడుగే గానీ, చిప్పుల పరిశ్రమకు అది చేరడానికి చాలా దూరం ఉంది. రేపే సిలికాన్‌కు కాలం చెల్లుతుందని చెప్పి పెట్టుబడి అడిగేవారిని జిల్లా యంత్రాంగం నమ్మకూడదు.

నానోట్యూబుల్లో ఎక్కువవాటికి అంతరం ఉంటుంది, చిక్కు వేరే చోట ఉంది. గ్రాఫీన్ రేకును గొట్టంలా చుట్టితే నానోట్యూబ్. ఏ కోణంలో చుట్టామన్నదాన్ని బట్టి అది లోహంలాగైనా ప్రవర్తిస్తుంది, సెమీకండక్టర్‌లాగైనా ప్రవర్తిస్తుంది. కలగాపులగంగా తయారైతే మూడింట ఒక వంతు లోహపు రకం వస్తుంది, వాటిని ఏరి పారేయాలి. ఆ ఏరివేతలో ఎంతో శ్రమపడ్డాకే 2019లో ఎంఐటీ శాస్త్రవేత్తలు 14,000కు పైగా నానోట్యూబ్ ట్రాన్సిస్టర్లతో 16 బిట్ల ప్రాసెసర్ చేయగలిగారు. ఇక కోణం మహిమ 2018లో ఇంకా గట్టిగా తెలిసొచ్చింది. రెండు గ్రాఫీన్ రేకులను సుమారు 1.1 డిగ్రీలు మెలిపెట్టి ఒకదానిపై ఒకటి ఉంచితే, అతి శీతల స్థితిలో అవి ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును పారనిచ్చే అతివాహకమయ్యాయి. అదే కర్బనం, అవే రేకులు. మారింది ఒక డిగ్రీ పైచిలుకు కోణం.

ఇదంతా చెప్పడానికి కారణముంది. పొరల సంఖ్య, కింది నేల, చుట్టిన దిశ, మెలి కోణం, చిటికెడు మలినం — వీటిలో ఏది మారినా పదార్థం గుణమే మారిపోతుంది. తక్కెడలో వేసి అమ్మే సరుకు కాదిది. 2018లో నొవొసెలొవ్ కూడా పాల్గొన్న ఒక అధ్యయనంలో ప్రపంచవ్యాప్తంగా 60 ఉత్పత్తిదారుల నుంచి గ్రాఫీన్ తెప్పించి పరీక్షించారు. చాలావాటిలో అసలు గ్రాఫీన్ 10 శాతం కూడా లేదు, 50 శాతం దాటిన నమూనా ఒక్కటీ లేదు. మిగతాది గ్రాఫైట్ పొడి. కొలిచే దిక్కు లేకపోతే మోసపోయేది చిన్న పారిశ్రామికవేత్త, అతనికి అప్పిచ్చిన బ్యాంకు, రాయితీ ఇచ్చిన ప్రభుత్వం. పదార్థం మీద లేజర్ కాంతి వేసి, చెదిరి వచ్చిన కాంతిని చూసి పొర ఒకటా, నాలుగా, పదా అని గంటలో చెప్పగల సాధనం రామన్ వర్ణపటమాపకం. రామన్, కృష్ణన్‌ల దేశంలో ఆ సాధనం మన రెండు జిల్లాల పిల్లలకు చేతికందే దూరంలో ఉండాలని కోరడం అత్యాశ అవుతుందా?

ఒక్క పదార్థాన్ని అందరికంటే శుద్ధంగా చేయడం నేర్చినవారికి ఎంత గౌరవం దక్కుతుందో జపాన్‌లోని సుకుబాను చూస్తే తెలుస్తుంది. అక్కడి జాతీయ పదార్థ విజ్ఞాన సంస్థలో వతానబె, తానిగుచి అనే ఇద్దరు బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలను పెంచుతారు. గ్రాఫీన్‌కు పరుపుగా అంతకంటే మంచిది దొరకక ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ వాళ్లనే అడుగుతాయి. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు ద్రవంలా పారడాన్ని, వేడికీ విద్యుత్తుకూ మధ్య పాత పుస్తకాల్లోని నియమం 200 రెట్లకు పైగా తప్పడాన్ని 2025లో బెంగళూరు ఐఐఎస్సీ చూపించింది. ఆ పనిలోనూ సుకుబా సంస్థ భాగస్వామే.

బెంగళూరులో జరిగే పని నెల్లూరులో ఎలా సాధ్యమని కొందరంటారు. అన్నీ సాధ్యం కాకపోవచ్చు, సాధ్యమైనవీ కొన్ని ఉన్నాయి. 2014లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాలిఇమైడ్ ప్లాస్టిక్ రేకు మీద కార్బన్ డయాక్సైడ్ లేజర్ నడిపితే ఆ గీత మేరకు నురుగులాంటి గ్రాఫీన్ తయారవుతుందని చూపించారు. వర్క్‌షాపుల్లో అక్రిలిక్ పలకలు కోసే జాతి లేజరే అది. అలా గీసిన గ్రాఫీన్‌తో రసాయన సెన్సర్లు చేస్తున్నారు. గ్రాఫీన్‌లో ప్రతి పరమాణువూ ఉపరితలమే కాబట్టి, దాని మీద వచ్చి వాలిన అణువు ఎలక్ట్రాన్ల సంఖ్యను కాస్త పెంచో తగ్గించో నిరోధాన్ని మారుస్తుంది. 2007లోనే నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఒక్కో అణువు చొప్పున పసిగట్టారు. ఇందుకూరుపేట, విడవలూరు నుంచి సింగరాయకొండ, కొత్తపట్నం దాకా వనామి చెరువుల గట్ల మీద తెల్లవార్లూ మేలుకునే రైతుకు ఈ మాట విలువ తెలుసు. అమ్మోనియా పెరిగిందో లేదో ల్యాబ్ చీటీ వచ్చేసరికి రొయ్య తేలిపోతోంది. చెరువులోనే ఉండి చెప్పే చవక సెన్సర్ ఎలా చేయాలన్నది మన కాలేజీల్లో తేల్చదగ్గ ప్రశ్న. ఉప్పునీటిలో, బురదలో, నాచులో అది ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పగలిగేది కూడా చెరువు పక్కనున్న ప్రయోగశాలే. ఈ విషయంలో బెంగళూరు కంటే మనకే అనువు ఎక్కువ.

డబ్బుకు దారి ఉంది. అభ్రకం, తెల్లరాయి, ఫెల్డ్‌స్పార్, ముగ్గురాళ్లను (బెరైటీస్) 2025 ఫిబ్రవరిలో కేంద్రం చిన్న ఖనిజాల జాబితా నుంచి తీసి ప్రధాన ఖనిజాల్లో చేర్చింది. వీటిలో మొదటి మూడూ దొరికే పెగ్మటైట్ రాళ్లలో లిథియం, నియోబియం, టాంటలం వంటివి ఉండొచ్చన్నది ఒక కారణం. ఆ రాళ్లలో ఏముందో తేల్చడానికీ ఇవే కొలత సాధనాలు కావాలి. గనుల లీజుదారులు కట్టే జిల్లా ఖనిజ నిధి ఉంది. చదువు, నైపుణ్య శిక్షణ దాని ప్రాధాన్యాల్లో ఉన్నాయి. ఆ నిధిని ప్రహరీ గోడలకూ సిమెంటు రోడ్లకూ మాత్రమే ఖర్చు చేయడం గనుల ఊళ్లకు న్యాయం కాదు. సైదాపురం, రాపూరు, చీమకుర్తి మండలాల పిల్లలకు సైన్సు పరిశోధన ఉపకార వేతనాలు అందులోంచే ఇవ్వవచ్చు.

మేం కోరేది ఇది. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో పదార్థాల కొలత కేంద్రం పెట్టాలి. రామన్ వర్ణపటమాపకం, పరమాణు బల సూక్ష్మదర్శిని, విద్యుత్ గుణాలు కొలిచే ప్రోబ్ స్టేషన్, దుమ్ము లేని చిన్న గది ఉంటే మొదలుపెట్టవచ్చు. ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం, అక్కడి ట్రిపుల్ ఐటీ విద్యార్థులకు, రెండు జిల్లాల డిగ్రీ కాలేజీలకు, చిన్న పరిశ్రమలకు నామమాత్రపు రుసుముతో అది తెరిచి ఉండాలి. ఖరీదైన యంత్రం కొని, నడిపే మనిషి లేక గుడ్డ కప్పి ఉంచడం మన విశ్వవిద్యాలయాల్లో పాత జబ్బు. కాబట్టి యంత్రాలకు టెండరు పిలిచే ఉత్తర్వులోనే వాటిని నడిపే సాంకేతిక నిపుణుల శాశ్వత పోస్టులు, అయిదేళ్ల మరమ్మతు ఖర్చు కూడా మంజూరు చేయాలి.