దేశద్రోహి బిరుదు మరీ చవకైపోయింది

దేశద్రోహం విషయంలో మన విశాఖపట్నంలో ప్రమాణాలు దారుణంగా పడిపోయాయి. చూస్తూ ఊరుకోలేక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఇంగ్లీషులో 'క్విజ్లింగ్' అంటే దేశాన్ని శత్రువు చేతిలో పెట్టి, వాడి దయతో కుర్చీ ఎక్కినవాడు. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. నార్వేకి చెందిన విద్కున్ క్విజ్లింగ్ అల్లాటప్పా ఆసామి కాదు. సైన్యంలో అధికారి, 1931 నుంచి 1933 దాకా రక్షణ మంత్రి. మాస్కోలో బ్రిటిష్ వాళ్ల వ్యవహారాలు చక్కబెట్టినందుకు వాళ్లే పిలిచి బిరుదిచ్చారు. తర్వాత సొంత పార్టీ పెడితే నూటికి మూడు ఓట్లు కూడా రాలలేదు. జనం లేకపోతేనేం, హిట్లర్ ఉన్నాడు కదా! 1940 ఏప్రిల్ 9న జర్మన్ సేనలు దిగాయి. ఆ సాయంత్రమే ఈయన రేడియోలో తనను తానే ప్రధానిగా ప్రకటించుకున్నాడు. వారం తిరక్కుండా జర్మన్లే పక్కకు తప్పించారు. ఈలోగా లండన్ పత్రికలు ఆ పేరుకు బహువచనం తగిలించేశాయి. బ్రిటిష్ వాళ్లు ఇచ్చిన బిరుదు లాగేసుకుని నిఘంటువులో చోటిచ్చారు. అంతకంటే గిట్టుబాటు బేరం ఉంటుందా? 1942లో మళ్లీ జర్మన్ల నీడలోనే గద్దెనెక్కాడు. 1945 అక్టోబరు 24న ఓస్లో కోటలో కాల్చి చంపారు.

చూశారా, ఎంత పెట్టుబడి! మంత్రి పదవి, రేడియో స్టేషన్, పరాయి సైన్యం, చివరికి ప్రాణం.

మన దగ్గరో? ఆర్కే బీచ్‌లో వాకింగ్ ముగించి టీ తాగే పెద్దల దగ్గర ఉచితంగా దొరుకుతోంది. మొన్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, 1971లో మన తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి ఎత్తారు. "మనవాళ్లే ముంచారని మనం అంటాం, దానంతటదే పేలిందని వాళ్లంటారు. అసలేం జరిగుంటుందండీ?" అన్నారు.

"ఏటండి మాస్టారూ, ఇంతకీ మీరెటేపు?"

గ్లాసులో టీ సగానికి రాకముందే ఆయన దేశద్రోహి అయిపోయారు. లెక్కల మాస్టారు కదా, రెండు వైపులా సరిచూడ్డం అలవాటు, పాపం.

అవతలి జట్టు బౌలర్ యార్కర్ బాగా వేశాడన్న కుర్రాడికీ ఇదే బిరుదు. స్టీల్ ప్లాంట్ అమ్మొద్దన్నాయనకీ ఇచ్చారు, అమ్మితే తప్పేంటన్నాయనకీ ఇచ్చారు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు కాబట్టి పంచడం సులువైంది.

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం. ఈ బిరుదుకి కనీస అర్హతలు నిర్ణయించాలి. అభ్యర్థి దగ్గర అప్పగించడానికి ఒక దేశం, లేదంటే కనీసం ఒక రేవైనా ఉండాలి. పుచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న శత్రువు చిరునామా జత చేయాలి. టీ కొట్టు దగ్గర ఇచ్చినవి చెల్లవని తేల్చి చెప్పాలి.

అంతవరకు మాస్టారి కేసు పెండింగే. ఆ రోజు టీ డబ్బులు మాత్రం అందరివీ ఆయన చేతే కట్టించారు.