షుగర్‌కున్న పరువు క్రిమికి లేదు

చెన్నై టీ నగర్ నటేశన్ పార్కులో పొద్దున్నే నడిచే మా తెలుగు బృందంలో మనిషికి పేరు ముఖ్యం కాదు, అంకె ముఖ్యం. "ఏడున్నర ఇంకా రాలేదేం?" అంటే ఇన్సూరెన్సాయన గురించి. "ఎనిమిదీ పాయింటు నాలుగు" అంటే రిటైరైన బ్యాంకు మేనేజరుగారు. నేను ఎనిమిదీ పాయింటు ఒకటి. మూడు నెలల షుగర్ రిపోర్టు చేతికొచ్చిన రోజున అంకె మారుతుంది, దాంతోపాటు బెంచీ మీద చోటూ మారుతుంది. ఇన్సులిన్ పొడుచుకునేవారికి నడిమధ్య ఆసనం. మెట్‌ఫార్మిన్ మాత్రతో నెట్టుకొచ్చేవాళ్లు అటూ ఇటూ సర్దుకోవాలి. ఇంకా "బోర్డర్"లో ఉన్నవాడు నిలబడే మాట్లాడతాడు.

ఇందులో తప్పేమీ లేదు. షుగర్ అంటే తిన్న ఇంటి జబ్బు. తాతలు నెయ్యి తాగారనడానికి మనకు మిగిలిన ఏకైక లిఖిత సాక్ష్యం. పెళ్లిలో జాంగిరీ వద్దనడంలో ఉన్న దర్జా, నాలుగు జాంగిరీలు తినడంలో ఎక్కడిది?

నిరుడు ఆ బెంచీ మీద నా పరువు పోయింది. ఎలా పోయిందో ప్రజల ముందు పెట్టడం పౌరుడిగా నా బాధ్యత.

ఎనిమిది నెలలపాటు నాకు కడుపులో మంట, ఉబ్బరం, రెండు ఇడ్లీలకే కంఠం దాకా నిండినట్టుండడం. బెంచీ ఏకగ్రీవంగా "గ్యాస్" అని తేల్చింది. మనవాళ్ల వైద్యశాస్త్రంలో ఉన్నది ఒక్కటే రోగం గనక నేనూ ఒప్పుకున్నాను. వీపు నొప్పి గ్యాస్, తలతిరుగుడు గ్యాస్, అమెరికా నుంచి అల్లుడు ఫోన్ చేయకపోతే ఛాతీలో పట్టేసేదీ గ్యాసే. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు కూడా ఒక్కోసారి నొప్పి లేకుండా, ఉబ్బరంలాగా చెమటలాగా వస్తుందని డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటారు. కొట్టుకోనివ్వండి. మా బెంచీకి ఈసీజీ కన్నా సోడా మీద గురి.

పొద్దున పరగడుపున గ్యాస్ మాత్ర, ఆ తర్వాత షుగర్ మాత్ర, ఆపైన ఫిల్టర్ కాఫీ. ఈ త్రికాల సంధ్యావందనం చేస్తున్నా మంట తగ్గలేదు. ముందు మెట్‌ఫార్మిన్‌ను అనుమానించాం. దానికి కడుపుని కలవరపెట్టే అలవాటు నిజంగానే ఉంది. తర్వాత ఆవకాయ మీద నింద పడింది. ఆఖరికి పార్కు అవతలనున్న కడుపు డాక్టరు గొట్టం వేసి, లోపలి నుంచి చిటికెడు ముక్క తీసి పసుపురంగు మందులో పడేశాడు. చూస్తుండగానే అది గులాబీరంగుకు తిరిగింది. "వయిత్తులే కిరుమి, సార్" అన్నాడు, కడుపులో క్రిమి అని అరవంలో.

మా ఆవిడ తెల్లబోయింది. "పురుగా? రోజూ క్యాన్ నీళ్లే కదండీ తాగుతున్నాం!"

మర్నాడు బెంచీ మీద నా పక్కవాళ్లు జానెడేసి దూరం జరిగారు. బ్యాంకు మేనేజరుగారు మర్యాదస్తులు గనక జరగలేదు, లేచి నిలబడ్డారు. "బయట తింటారా మీరు?" అన్నారు, నేనేదో చేయరాని పని చేసినట్టు.

ఈ అన్యాయం మీద నా మనవి ఇది. హెలికోబాక్టర్ పైలోరీ అనే ఈ క్రిమి నిన్న రోడ్డుపక్క తిన్న బజ్జీలోంచి దూరింది కాదు. ప్రపంచంలో దాదాపు సగం మంది కడుపుల్లో ఉన్నదిది. ఎక్కువమందికి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. ఒకే చెంబు, ఒకే కంచం, ఆరుగురు పిల్లలకు అమ్మ కలిపి పెట్టిన ఒకే ముద్ద. అంటే బహుశా ఇది నా పిత్రార్జితం. షుగర్ నాకు నలభై ఆరో ఏట వచ్చింది. సీనియారిటీ లెక్కన నడిమి ఆసనం ఎవరిదో బెంచీయే చెప్పాలి.

చదువు విషయంలోనూ తక్కువ తినలేదు. కడుపులోని ఆమ్లంలో ఏ జీవీ బతకదని పెద్దలు నమ్మిన రోజుల్లో, యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేసుకుని, చుట్టూ కప్పుకుని కాపురం పెట్టిన రసాయన శాస్త్రవేత్త ఇది. కడుపులో పుండుకి, అంటే అల్సర్‌కి, దిగులూ కారమే కారణమని లోకమంతా వాదిస్తుంటే, కాదు ఈ క్రిమేనని చూపించడానికి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్ అనే డాక్టరు 1984లో ఈ క్రిముల్ని కలుపుకుని గటగటా తాగేశాడు. భార్యకు ముందు చెప్పలేదు. కొద్దిరోజులకే వాంతులు పట్టుకున్నాయి, 2005లో తోటి పరిశోధకుడు రాబిన్ వారెన్‌తో కలిపి నోబెల్ వచ్చింది. మన షుగర్‌ని అలా కోరి తాగినవాడెవడైనా ఉన్నాడా? (జాంగిరీలు లెక్కలోకి రావు.) ఇక ప్రమాదం సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ విభాగం 1994లోనే దీన్ని పొగాకు కూర్చునే మొదటి వరుసలో కూర్చోబెట్టింది. బెంచీ మాత్రం నిలబెట్టింది.

షుగర్‌కీ దీనికీ చుట్టరికం ఉందనే వాళ్లూ ఉన్నారు. షుగర్ రోగుల్లో ఇది ఎక్కువని కొన్ని పరిశోధనలు, దీన్ని వెళ్లగొడితే షుగర్ దిగుతుందా లేదా అన్నదాంట్లో తలో మాట. శుభలేఖ ఇంకా అచ్చవలేదన్నమాట. షుగర్ ఉన్నవాళ్లలో మందులకు ఇది అంత తేలిగ్గా లొంగదని మాత్రం చాలామందే రాశారు.

లొంగకపోవడంలో మన కృషీ ఉంది. జలుబు చేసినా ఒళ్లు వెచ్చబడినా మెడికల్ షాపులో అడిగి కొనుక్కున్న యాంటీబయాటిక్స్ పుణ్యాన, మన దేశంలో ఈ క్రిమి ఆ మందుల్ని పాత చుట్టాల్లా పలకరిస్తోంది. పైగా క్లారిథ్రోమైసిన్ కొన్నిరకాల షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చట. అందుకే డాక్టరు చీటీ రాసేముందు నా మాత్రల డబ్బా బల్ల మీద బోర్లించి ఒక్కోటీ తిప్పి చూశాడు. పద్నాలుగు రోజులు పూటపూటా గుప్పెడు మాత్రలు మింగాను. నోట్లో పాత అయిదు పైసల బిళ్ల పెట్టుకున్నట్టుండేది, నాలుక నల్లబడింది. మా ఆవిడ పెసరకట్టు వడ్డిస్తూ "పురుగుకి ఇవాళ ఏం చేయమంటారు?" అని అడిగేది.

మందులయ్యాక నెల దాటాలి, చివరి రెండు వారాలు గ్యాస్ మాత్ర ముట్టకూడదు, అప్పుడు ఊదే పరీక్ష. ఆ మాత్ర కడుపులో ఉంటే క్రిమి ఉండీ లేనట్టు నటిస్తుంది. గ్యాస్ మాత్ర లేని రెండు వారాలు ఎలా గడిచాయో పగవాడికి కూడా చెప్పను. ఒక గుళిక మింగి, కూర్చుని, సంచిలోకి ఊదాను. లేదన్నారు. పోయిందన్నారు.

ఈ వార్త బెంచీలో ఎవరూ పట్టించుకోలేదు. కొత్త అంకె ఎంతని అడిగారు. ఏడూ పాయింటు తొమ్మిది అంటే ఒక చోటు కిందికి జరిపారు.

మొన్న ఇంటికి బయల్దేరుతుంటే బ్యాంకు మేనేజరుగారు వెంకటనారాయణ రోడ్డు దాకా నా వెంటే వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆ ఊదే పరీక్ష ఎక్కడ చేశారండీ? నాక్కాదు, మా బావమరిదికి. ఏడాదిగా ఒకటే గ్యాస్" అన్నారు.

"షుగర్ ఉందా ఆయనకి?"

"ఆఁ, ఎనిమిదీ పాయింటు నాలుగు."