సవరణ: ఫ్యాన్ మీద సబ్బునీళ్లు చల్లకండి

సంక్రాంతికి ఇల్లు దులపడం గురించి రాస్తూ, సీలింగ్ ఫ్యాన్ దగ్గర "స్విచ్ ఆపి, రెక్కల మీద సబ్బునీళ్లు స్ప్రే చేయండి" అన్నాను. రెండు ముక్కలూ తప్పే. స్ప్రే చేస్తే నీళ్లు మోటారు సందుల్లోంచి వైండింగ్‌లోకి, అంటే లోపలి తీగచుట్టలోకి దిగొచ్చు. గుడ్డ తడిపి, గట్టిగా పిండి తుడవండి. పొడి దుమ్మయితే పాత దిండు గలీబు రెక్కకు తొడిగి లాగితే చాలు, మంచం మీద రాలదు.

స్విచ్ సంగతి ఇంకా ముఖ్యం. కొన్ని పాత ఇళ్లలో స్విచ్‌ను ఫేజ్‌కి (కరెంటు తెచ్చే తీగ) బదులు న్యూట్రల్‌కి (కరెంటు తిరిగి వెళ్లే తీగ) కలిపేస్తారు. ఆపినా ఫ్యాన్ దాకా కరెంటు ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే, టెస్టర్ పెడితే గానీ తెలీలేదు! అందుకే మెయిన్ బోర్డులో ఎంసీబీ (కరెంటు ఆపే మీట) దించాకే స్టూలెక్కండి.

తుడిస్తే ఫ్యాన్ స్పీడొస్తుందని కూడా రాశాను, అదీ సగమే నిజం. తుడిచాకా ఈడుస్తుంటే, మోటారు తిరగడానికి తోడ్పడే కండెన్సర్‌ను ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.