పది సెకన్ల పరిశ్రమకు గుర్తింపు ఏదీ?

బెజవాడకు సినిమాతో ఉన్న చుట్టరికం నిన్న మొన్నటిది కాదు. మారుతీ టాకీస్ ఇక్కడ 1921లోనే వెలిసింది. గాంధీనగర్ సందుల్లో పంపిణీదారుల కార్యాలయాలు ఎందరి జాతకాలనో తేల్చాయి. అయితే ఇంతటి చరిత్రలో ఒక అధ్యాయాన్ని పెద్దలు కావాలనే విస్మరించారని చెప్పక తప్పదు. పదో తరగతి చదివే ఐదుగురు కుర్రాళ్లు, ఒకడి తండ్రిగారి నోకియా 6600 ఫోనుతో, ఆయన భోంచేసి కునుకు తీసే ఆదివారం మధ్యాహ్నాలలో నిర్మించిన చిత్రాల గురించి ఎక్కడా ఒక్క వాక్యం లేదు. ఆ సంస్థలో ప్రతినాయకుడిగానూ, ఫైట్ మాస్టరుగానూ, గత్యంతరం లేక హీరోగారి చెల్లెలిగానూ సేవలందించినవాణ్ణి గనుక ఈ అన్యాయంపై మాట్లాడే అర్హత నాకుందని మనవి.

ఫోను ఎవరిదో హీరో వాడే. ఈ విషయంలో మాలో ఎన్నడూ చర్చ జరగలేదు. నటన నిజంగా వచ్చినవాడు ఒకడుండేవాడు గానీ, వాడి ఇంట్లో ల్యాండ్‌లైన్ తప్ప మరొకటి లేనందువల్ల వాడికి శవం వేషం కేటాయించాం. దాన్ని కూడా వాడు ప్రాణం పెట్టి చేశాడు. వారసత్వం పేరిట ఫిలింనగర్‌ను ఆడిపోసుకునేవారు, ఈ ఏర్పాటు మాకు ఎవరూ నేర్పకుండానే, మొగల్రాజపురం కొండ పక్క ఖాళీ స్థలంలో పల్లేరు కాయల్లాగా దానంతటదే మొలిచిందని గ్రహించాలి.

సాంకేతికంగా మేము ఎదుర్కొన్న కష్టాలు సామాన్యమైనవి కావు. ఆ ఫోనులో ఒక షాటు పది సెకన్లకు మించి రాదు. తెలుగు ప్రతినాయకుడు పది సెకన్లలో మీసం దువ్వగలడే తప్ప శపథం చేయలేడు గనుక, నా శపథాన్ని నాలుగు ముక్కలుగా తీయవలసి వచ్చింది. మూడో ముక్కలో నా వెనక ఒక మేక వచ్చి నిలబడి, నాలుగో ముక్కకల్లా మాయమైంది. (దాని నటనను ఇంట్లోవాళ్లు నాకన్నా ఎక్కువ మెచ్చుకున్నారు.) ఇక బొమ్మ వెడల్పు 176 చుక్కలు, ఎత్తు 144. ప్రకాశం బ్యారేజీకి ఉన్న 70 గేట్లూ ఆ చుక్కల్లో కలిసి ఒకే పిట్టగోడ అయిపోయాయి. వాళ్ల అక్క కాటుకతో హీరో దిద్దుకున్న మీసం ఏ ఫ్రేములోనూ దొరకలేదు.

కృష్ణ దాటితే గుంటూరు జిల్లా కాబట్టి ఉండవల్లి గుహలు మాకు విదేశీ లొకేషన్. అక్కడ తీసిన పాటలో హీరోయిన్ లేదు, ఎందుకంటే అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. హీరో స్తంభాలను చూసి సిగ్గుపడ్డాడు. ఎడిటింగ్ గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు. కంప్యూటర్లో వీడియోలు అతికే మూవీ మేకర్, మా ఫోను తీసే 3జీపీ ఫైళ్లను ముట్టుకోనంది, నెట్ సెంటరు ఆయన వాటిని మార్చి ఇచ్చి, టైటిల్స్‌లో తన పేరు హీరో పేరుకన్నా ముందు వేయించుకున్నాడు.

1964 నుంచి దేశమంతటి చిత్రాలను భద్రపరుస్తున్న పుణె ఫిల్మ్ ఆర్కైవ్ వారు మా 32 ఎంబీ మెమరీ కార్డుకు ఒక అగ్గిపెట్టెంత చోటు ఇవ్వలేరా అన్నదే నా ప్రశ్న. చిత్రం అసంపూర్ణమని వారు అభ్యంతరం చెప్పవచ్చు. అది నిజమే. పతాక సన్నివేశంలో హీరో నా చేతి దెబ్బలకు నేలకూలాడు. గుడిగంట మోగగానే లేచి నన్ను చితకబాదాలి. గంటకు బదులు ఫోను మోగింది. కునుకు నుంచి లేచిన తండ్రిగారు తన ఫోను ఎక్కడుందో తెలుసుకోవడానికి ఇంటి నుంచి చేశారు. హీరో నేల మీద ఉన్నందున నేనే ఎత్తి, ‘‘అంకుల్, మీవాడు దెబ్బలు తిని పడిపోయి ఉన్నాడండి, గంట మోగగానే లేస్తాడండి’’ అని వినయంగా విన్నవించాను.

పావుగంటలో ఆయనే స్కూటరు మీద లొకేషన్‌కు వచ్చారు. ఆ తర్వాత జరిగిన పోరాటంలో ఎక్కడా డూపులను వాడలేదు గానీ, కెమెరా అప్పటికే ఆయన జేబులో ఉంది.