మార్కూ పావు న్యాయం

చదువులో న్యాయం లేదనేవాళ్ళని ఒకసారి విజయనగరం తీసుకురండి. ఇక్కడ న్యాయాన్ని కొలిచి, పొట్లాలు కట్టి, మార్కూ పావు చొప్పున పదేళ్ళ పిల్లలకి పంచుతున్నాం. కేంద్రం నడిపే హాస్టల్ బడి నవోదయలో ఆరో తరగతి ప్రవేశ పరీక్షకి 80 ప్రశ్నలు, 100 మార్కులు, 120 నిమిషాలు. అంటే ప్రశ్నకి మార్కూ పావు, ఆలోచనకి నిమిషంన్నర. పలాసలో జీడిపిక్కలు కొట్టే అమ్మ కూతురికీ తొంభై సెకన్లే. ఆఫీసరు గారి అబ్బాయికీ తొంభై సెకన్లే. గంట కొట్టాక ఎవరికీ ఒక్క సెకను ఎక్కువ లేదు. సమానత్వమంటే ఇంకేం కావాలో చెప్పండి.

గంట కొట్టకముందు ఏం జరిగిందని కొందరు అడుగుతారు. అలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, రచ్చబండ వాళ్ళ కోసమే కట్టారు. అడిగారు కాబట్టి ఆ లెక్కా చూసేద్దాం.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అరవైమంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది కూడా. తరగతులు ఐదు, మాస్టార్లు ఇద్దరు. ఇద్దరూ రోజూ వచ్చి, గంటలన్నీ సమానంగా పంచితే తరగతికి వచ్చేది 320 గంటలు. ఒకాయన్ని డెప్యుటేషన్ మీద ఇంకో బడికి పంపితే మిగిలేది 160. దాన్ని 200 రోజులకు పరిస్తే రోజుకి 48 నిమిషాలు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం కలిపి నాలుగు సబ్జెక్టులు కాబట్టి ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండులోనే హాజరు తీయాలి, కోడిగుడ్లు లెక్కపెట్టాలి, యాప్‌లో ఫొటో ఎక్కించాలి, సిగ్నల్ కోసం ఒకసారి మామిడిచెట్టు కిందకి వెళ్ళిరావాలి. మాస్టారిని తప్పు పట్టడానికి ఆయనకి ఖాళీ ఎక్కడుంది?

ఇంకోవైపు పట్నంలో ‘సైనిక్, నవోదయ కోచింగ్, హాస్టల్ వసతి కలదు’ అనే బోర్డు ఉంటుంది. అక్కడ రోజుకి పది గంటల చొప్పున మూడువందల రోజులనుకుందాం, మూడువేల గంటలు. ఊరి బడి 160 గంటలకి అది పద్దెనిమిది రెట్ల పైనే. ఈ రెండిట్లోంచీ వచ్చిన పిల్లల్ని ఒకే హాల్లో, ఒకే రకం బల్ల మీద కూర్చోబెట్టి, ఒకే ప్రశ్నపత్రం ఇస్తాం. మూడువేలకీ 160కీ మధ్య తేడా ఉందే, దానికి మనవాళ్ళు పెట్టిన పేరు ప్రతిభ.

బోర్డు మీద గత ఏడాది సీటొచ్చిన పిల్లల పాస్‌పోర్టు ఫొటోలుంటాయి. సీటు రానివాళ్ళ ఫొటోలూ వేద్దుమనే ఉంటుంది, అంత పెద్ద ఫ్లెక్సీ కట్టడానికి గోడ చాలదు.

ఇక కార్యక్రమం ఎలా నడపాలో తెలుసుకోదలచినవారికి కొన్ని మెళకువలు. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలో చదివి ఉండాలి. ఐదో తరగతి ఆ నవోదయ ఉన్న జిల్లాలోనే చదువుతూ ఉండాలి. దరఖాస్తుతో పాటు హెడ్మాస్టరు సంతకంతో సర్టిఫికెట్ పెట్టాలి. నిబంధన మంచిదే, పల్లె పిల్లల కోసమే పెట్టారు. దాన్ని మనవాళ్ళు వేదాంత స్థాయికి తీసుకెళ్ళారు. నామం వేరు, రూపం వేరు అని గ్రహించడానికి రుషులకి జన్మలు పట్టింది. మనకి జూన్ నెల చాలు. బడి తెరిచేసరికి నామం పల్లె రిజిస్టర్లో ఉంటుంది, రూపం పట్నం హాస్టల్లో ఉంటుంది. “పేరు తీసియ్యకండి మాస్టారూ, గుంటడు పరీచ్చ రాసీదాకా ఉండనీయండి” అని తల్లి బతిమాలుతుంది. మాస్టారికీ అభ్యంతరం ఉండదు. రోలు, అంటే రిజిస్టర్లో పేర్ల లెక్క, తగ్గితే పోస్టు పోతుంది. నల్లబల్ల మూల రోలు 19, హాజరు 19 అని రాసి ఉంటుంది. బడిలో తలలు లెక్కపెడితే పదిహేనో పదహారో తేలతాయి. మిగతా ముగ్గురూ నలుగురూ బ్రహ్మపదార్థంలా సర్వత్రా ఉన్నారని సరిపెట్టుకోవాలి.

ఇంత చేసి ఏం నేర్పుతారంటే బొమ్మలు. నూటికి 50 మార్కులు బొమ్మలవే. మానసిక సామర్థ్యం కింద నలభై ప్రశ్నలు, పది రకాలు, రకానికి నాలుగు. భిన్నమైన బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, తర్వాత రావలసిందేది, ఏ బొమ్మలో ఏ బొమ్మ దాగుంది, ఇలాంటివి. ఇందులో నాకు బాగా నచ్చేది చిల్లు కాగితం. చదరపు కాగితం ఒకటి ఇస్తారు, అంటే కాగితం కాదు, దాని బొమ్మ. దాన్ని నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత పెట్టి ఒక్క చోట చిల్లు పొడిచారు. విప్పితే ఎలా ఉంటుంది? చిల్లులు నాలుగని అందరికీ తెలుసు. ఏ మూల నుంచి ఎంత దూరంలో పడ్డాయన్నదే ప్రశ్న. పిల్లలకి చిత్తుకాగితమిచ్చి మడిచి పొడవమంటే ఐదు నిమిషాల్లో నేర్చుకుంటారు, పైగా నవ్వుతూ నేర్చుకుంటారు. కాగితప్పడవలు, రాకెట్లు చేసే చేతులు కదా. పరీక్షలో మాత్రం కాగితం మడవకూడదు. చేత్తో మడిచి చూసేవాడు మామూలు పిల్లాడు, మనసులో మడిచేవాడు మేధావి. అందుకే హాస్టల్లో మడతలు మనసులో పెట్టడం నేర్పుతారు. మడతకి గీత, గీతకి అటు ఒక చుక్క, ఇటు ఒక చుక్క, చివరి మడత ముందు విప్పు. ఈ సూత్రం నూటయాభైసార్లు చేయిస్తే ఆలోచించాల్సిన అవసరం పూర్తిగా పోతుంది. ఆలోచనాశక్తిని కొలవడానికి పెట్టిన పరీక్ష కాబట్టి అది ముఖ్యం.

మిగిలిన వాటిలో లెక్కలు 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాషకీ అంతే. నాలుగు పేరాలు, పేరాకి ఐదు ప్రశ్నలు. తెలుగులో రాయొచ్చు, ఆ వెసులుబాటు ఉంది. ఆ తెలుగు ఎవరిదన్నది వేరే సంగతి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, బడి చదువు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని జీవితమంతా వాదించారు. సవర గిరిజన పిల్లల కోసం సవర భాష నేర్చుకుని వాచకాలు రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవమని బడుల్లో పండగలా చేస్తాం. మర్నాడు పిల్ల “ఏటి మాస్టారూ” అంటే, ఏటి కాదు, ఏమిటి అనమని దిద్దుతాం. సవరలో ప్రశ్నపత్రమైతే అసలే లేదు. గిడుగువారి ఫొటోకి దండ మాత్రం ప్రతి ఏడూ కొత్తది.

విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి ఉంది. అక్కడి ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఇంకా గంభీరమైనది. 125 ప్రశ్నలు, 300 మార్కులు, 150 నిమిషాలు, ప్రశ్నకి 72 సెకన్లు. సగం మార్కులు లెక్కలవే, 50 ప్రశ్నలు మూడేసి మార్కులు. మిగతా మూడు భాగాలూ పాతికేసి ప్రశ్నలు, రెండేసి మార్కులు. అర్హతకి ప్రతి భాగంలో 25 శాతం, మొత్తం మీద 40 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకి ఈ గీత లేదు. తప్పు రాస్తే మార్కు కోయరు. ఇక్కడ లెక్కల మాస్టార్లు కాస్త దగ్గరికి రావాలి. ప్రశ్నకి నాలుగు జవాబులు, తప్పుకి కోత లేదు. కళ్ళు మూసుకుని సున్నాలు దిద్దుకుంటూ పోతే సగటున వచ్చేది సరిగ్గా 25 శాతం. భాగానికి అడిగిన కనీసం కూడా అంతే! ఇక నలభై శాతం అంటే 120 మార్కులు. ఇరవై లెక్కలు నిజంగా వస్తే 60, మిగిలిన 240 మార్కుల ప్రశ్నలూ పైడితల్లమ్మ మీద భారం వేస్తే సగటున 60, కలిపి 120. సగటు కదా, కొందరికి పైన తగులుతుంది, కొందరికి కింద. సీటు రావడానికి ఇది బొత్తిగా చాలదు, అక్కడ మెరిట్ లిస్టుంది. అర్హుడు అనే మాటకి ఎంత బరువుందో తెలియడానికి మాత్రం చాలు.

పూర్వం చదవని పిల్లవాణ్ణి “సున్నా చుడతావురా” అని తిట్టేవారు. ఇప్పుడు సున్నా బాగా నింపేవాడిదే రాజ్యం. యంత్రం చదివే జవాబుల కాగితం, ఓఎంఆర్ షీటు, మీద పెన్నుతోనే దిద్దాలి, దిద్దింది చెరపకూడదు. ఒక్కో సున్నాకి ఐదు సెకన్లు వేసుకున్నా నవోదయ పరీక్షలో 80 సున్నాలకి ఆరేడు నిమిషాలు, అంటే నాలుగైదు ప్రశ్నల ఆలోచన, సిరాలో పోతుంది. పెద్ద ప్రమాదం ఇంకోటుంది. పదిహేడో ప్రశ్న తెలియక వదిలేసి, పద్దెనిమిది జవాబుని పదిహేడో వరసలో దిద్దితే అక్కణ్ణుంచి చివరిదాకా ప్రతి జవాబూ పక్కింటికి కాపరం వెళ్తుంది. పిల్లకి అన్నీ వచ్చు, యంత్రానికి ఒక్కటీ రాలేదు. హాస్టల్లో దీనికి మందుంది. ఐదు ప్రశ్నలకొకసారి ప్రశ్న నంబరూ వరస నంబరూ వేలితో పోల్చి చూసుకోవాలి. ఊరి బడిలో ఓఎంఆర్ షీటు మొదటిసారి కనిపించేది పరీక్ష హాల్లోనే. నవోదయ ఆరో తరగతి పరీక్ష రెండోసారి రాయడానికి లేదు కాబట్టి ఆఖరిసారి కూడా అప్పుడే.

చట్టానికి ఈ సంగతులు తెలియవనుకోకండి. పిల్లని బడిలో చేర్చుకోడానికి వడపోత పెట్టకూడదని విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. లాటరీ తప్ప ఏ పద్ధతిలో ఏరినా వడపోతే. మొదటి తప్పుకి పాతికవేల దాకా జరిమానా, తర్వాత ప్రతి తప్పుకీ యాభైవేల దాకా. ఆ చట్టంలోనే నవోదయ, సైనిక్ స్కూళ్ళకి ‘నిర్దిష్ట కేటగిరీ’ అని వేరే పేరుంది, వాటి పరీక్షలు మాత్రం ఏటా జరుగుతూనే ఉన్నాయి. వడపోత పాపమే. అయితే జల్లెడ సర్కారుదైతే దోషం అంటదని తాత్పర్యం.

మరి ఐదో తరగతి దేనికి? ఆరో తరగతి సీటుకి. ఆరు? ఐఐటీ ఫౌండేషన్‌కి. పది? ట్రిపుల్ ఐటీకి.

ట్రిపుల్ ఐటీ అనగానే ఒక మంచి మాట చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో ఉన్నది 2016లో వచ్చింది. ఇక్కడ సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకి లేమి లెక్క కట్టి 4 శాతం కలుపుతారు. గ్రేడ్లున్న రోజుల్లో అది పదికి 0.4. లేమి అనేది ఒకటుందని, దానికి ఒక అంకె వేయవచ్చని ఒప్పుకున్న చోటు ఇదొక్కటే నాకు కనిపించింది, అందుకు వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. నా ఫిర్యాదల్లా కొలత గురించే. బడి గోడల మధ్య లేమి 4 శాతం దగ్గర ఆగిపోతుందని ఎవరు తూచారు? మనకి కుంచం ఉండగా శాతాలెందుకు? కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక. లెక్కల మాస్టారు లేని ఏడాదికి ఒక మానిక వేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పైకప్పు ఎగిరిన బడికి అడ్డెడు. అమ్మానాన్నలు చెన్నై కూలికెళితే తాత దగ్గర ఉండి చదివిన పిల్లకి నిండు కుంచం, తలకొట్టకుండా. చేపల వేటకెళ్ళే తండ్రి అప్పు చేసి ప్రైవేటు బడిలో వేసిన పిల్లకి ఇప్పుడు సున్నా, గిద్దెడైనా వేయండి. ఇబ్బంది ఒకటే. ఇది అమల్లోకి వచ్చిన మరుసటి జూన్‌కి ‘లేమి కోచింగ్, హాస్టల్ వసతి కలదు’ అని బోర్డు లేస్తుంది.

ఇంతలో ఊళ్ళో బడి బడిలాగే నడుస్తుంటుంది. ఒక్క మాస్టారు ఐదు తరగతులు ఎలా చూస్తున్నారని తనిఖీకి వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోతారు. ఆయన చూడరు. ఐదో తరగతిలో చురుకైన పిల్ల ఒకతె ఉంటుంది, లీడరు. మాస్టారు పెద్ద తరగతులకి లెక్క చెప్పేటప్పుడు ఒకటో తరగతి గుంటలకి అ ఆలు దిద్దించేది ఆమే. రెండో తరగతి ఎక్కాలు అప్పజెప్పించుకునేది ఆమే. కుంచంలో ఎన్ని మానికలో ఇంటి నుంచి మానిక తెచ్చి బియ్యం పోసి చూపించేదీ ఆమే. ఊరి బడిలో రెండో టీచరు పోస్టు ఎక్కడుందంటే అక్కడుంది. కోచింగ్ వాళ్ళు ఊళ్ళోకి వచ్చి “మీ బడిలో బాగా చదివేదెవరు బావూ” అని అడుగుతారు. అందరూ ఆ పిల్లనే చూపిస్తారు. జూన్‌లో పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది, పేరు మాత్రం రిజిస్టర్లో ఉంటుంది.

హాస్టల్లో మొదటి వారం చెప్పేది చిల్లు కాగితమే. నిలువు మడత, అడ్డం మడత, ఒక్క పోటు. విప్పితే ఎన్ని చిల్లులో ఆ పిల్ల మొదటి రోజే చెబుతుంది. ఊళ్ళో ఆమె కూర్చున్న చోట ఒకటి, అ ఆలు దిద్దేవాళ్ళ దగ్గర ఒకటి, ఎక్కాల దగ్గర ఒకటి, మానిక దగ్గర ఒకటి.