గని అంటే గొయ్యి అనుకునే మేధావులకు

ఇప్పుడే మా బావగారితో ఫోన్లో గొడవైంది. మూతపడ్డ గనుల్లో గోడౌన్లు నడుస్తాయని అన్నానో లేదో, ఒకటే నవ్వు. "సామాను తాడు కట్టి దించుతారా, లిఫ్టులోనా? కప్పు కూలి నెత్తిన పడదూ?" అట. గని అంటే ఆయనకు తెలిసింది సినిమా క్లైమాక్సులో విలన్ డెన్ ఒక్కటే.

అయ్యా, అమెరికాలో కాన్సాస్ సిటీలో సబ్‌ట్రోపొలిస్ అని ఒక సున్నపురాయి గని ఉంది. కొండవాలు నుంచి అడ్డంగా తవ్వుకుంటూ పోయారు. తాడూ లేదు, లిఫ్టూ లేదు. లారీ రోడ్డు మీద నుంచి తిన్నగా లోపలికి వెళ్లి గోడౌన్ ముందే ఆగుతుంది. రాయి తీసేటప్పుడే 25 అడుగుల మందాన స్తంభాలు వదిలేశారు, కప్పును మోసేది అవే. పైన మంచు కురిసినా ఎండ మండినా లోపల ఏడాదంతా 20 డిగ్రీలకు అటూఇటూ. అమెరికా తపాలా శాఖ స్టాంపులు దాచుకునేది అక్కడే. అదే మిస్సోరీ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఇలాంటి గనిలోనే చీజ్ నిల్వ చేస్తారు. చీజ్‌కి లేని భయం ఈయనకెందుకో!

కాన్సాస్ రాష్ట్రంలోని హచిన్సన్ ఉప్పు గనిలోకి మాత్రం 650 అడుగులు లిఫ్టులోనే దిగాలి. పాత సినిమా రీళ్లు అక్కడ పొడి గాలికి పాడవకుండా ఉంటాయి. ఈ లిఫ్టు సంగతి బావగారికి ఎవరూ మోయకండి, దండం పెడతా.

అన్ని గనులూ బంగారమని నేననలేదు. ఫ్రాన్స్‌లో స్టోకమైన్ అని పొటాష్ గనిలో విషపు వ్యర్థాలు కుక్కారు. 2002లో అంటుకుంది. అది గని తప్పా, కుక్కినవాళ్ల తప్పా?

అసలు నాకు ఒళ్లు మండేది బోయర్స్ దగ్గర. పెన్సిల్వేనియాలో సున్నపురాయి గని. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల రిటైర్మెంట్ ఫైళ్లు అందులోనే. వందల మంది కూర్చుని కాగితాలు ఒక గుహ నుంచి ఇంకో గుహకు చేతులు మారుస్తుంటారని 2014లో పత్రికల్లో వచ్చింది. 1977లో ఒక్కో ఫైలుకు రెండు నెలలు పట్టేదట, 2014లోనూ అదే రెండు నెలలట! కంప్యూటర్ల పేరుతో పోసిన డాలర్లు ఏ గోతిలో పడ్డాయో. 2025లో ప్రభుత్వ ఖర్చు తగ్గిస్తానంటూ ఎలాన్ మస్క్ వచ్చి, గని లిఫ్టు చెడితే ఎవరూ రిటైర్ కాలేరని వెటకారం. చూశారా, ఆయన నోటా లిఫ్టే! సంతకం దగ్గర ఆగిన ఫైలు పదో అంతస్తులో ఉంటే మాత్రం పరుగెడుతుందా?